ఓడిపోయాక ఆట ఏం చేస్తుంది?

చిరంజీవులు చిట్టి, చిన్నాలకు పెదనాన్న ఆశీస్సులు.

ఆర్‌పీజీల్లో, అంటే ఒక పాత్రను నడిపిస్తూ దాని బలం పెంచుకుంటూ పోయే వీడియో ఆటల్లో, ఏది గొప్పదని మొన్న ఫోన్లో ఇద్దరూ తెగ వాదించుకున్నారు. ఒకరేమో గ్రాఫిక్స్ అంటారు, ఇంకొకరు కథ అంటారు. నేను ఏ ఆట చూసినా ముందు ఒక్క సంగతి గమనిస్తాను: మన హీరో చచ్చిపోతే ఆట ఏం చేస్తుంది? తయారు చేసినవాళ్ల మనసు నాకు అక్కడే కనిపిస్తుంది.

1981లో ఆపిల్ 2 కంప్యూటర్ మీద ‘విజార్డ్రీ’ వచ్చింది. ఆండ్రూ గ్రీన్‌బర్గ్, రాబర్ట్ వుడ్‌హెడ్ అనే ఇద్దరు దాన్ని తయారు చేశారు. ఆరుగురిని వెంటేసుకుని పది అంతస్తుల నేలమాళిగలోకి దిగాలి. ఆరుగురూ పోతే శవాలు అక్కడే పడి ఉంటాయి. వాటిని పైకి తేవాలంటే ఇంకో జట్టును మొదటి నుంచి పెంచి, అంత లోతుకూ పంపాలి. తెచ్చాక గుడిలో డబ్బు కట్టి బతికించమంటే ఒక్కోసారి అది ఫలించక మనిషి బూడిదవుతాడు. బూడిదనుంచి లేపబోతే అదీ వికటించిందా, ఇక అతను శాశ్వతంగా పోయినట్టే. జరిగింది జరిగినట్టు ఆట ఫ్లాపీలో రాసేసుకుంటుంది కూడా. అందుకే అందులో అసలు టెన్షన్ కత్తియుద్ధంలో కన్నా ముందే మొదలవుతుంది. మందులు తగ్గాయి, మంత్రాలు రెండే మిగిలాయి, ఎదురుగా ఇంకో తలుపు ఉంది. తీద్దామా, వెనక్కి పోదామా?

జపాన్‌లో ఆటలు తయారు చేసే యుజి హోరీకి ఆ విజార్డ్రీ అంటే ప్రాణం. అయితే కంప్యూటర్ ముట్టుకోని పిల్లలు కూడా టీవీ ముందు కూర్చుని ఆడగలిగేది ఆయనకు కావాలి. 1986లో టీవీకి తగిలించే నింటెండో ఆటపెట్టె ఫామికామ్ కోసం ‘డ్రాగన్ క్వెస్ట్’ చేశారు. ఇందులో ఓడిన హీరో రాజుగారి ముందు కళ్లు తెరుస్తాడు. చేతిలో ఉన్న బంగారం సగం పోతుంది, అనుభవం, లెవెల్ మాత్రం చెక్కుచెదరవు. వైకుంఠపాళిలో పెద్దపాము మింగితే ఎక్కిన నిచ్చెనలన్నీ వృథా అవుతాయి కదా, హోరీ ఆ పామును తీసేశారు. చేతివేగం లేకపోయినా ఓపిక ఉంటే ఎవరైనా చివరిదాకా వెళ్లవచ్చు. దీనికి ధర కూడా ఉంది: ఒకే రకం రాక్షసులను గంటల తరబడి కొడుతూ లెవెల్ పెంచుకోవాలి. మీరు గ్రైండింగ్ అని విసుక్కునేది అదే. జపాన్ పిల్లలకైతే ఇంకో కష్టం ఉండేది. మొదటి ఆటలో సేవ్ లేదు, మళ్లీ అక్కణ్నుంచే ఆడాలంటే 20 అక్షరాల మంత్రం ఒకటి కాగితం మీద రాసుకోవాలి. అందులో ఒక్క అక్షరం తప్పు రాసుకున్నా ఆ రోజు ఆడినదంతా పోయినట్టే.

2011లో హిదెటాకా మియాజాకి ‘డార్క్ సోల్స్’ తెచ్చారు. చాలామంది అది కష్టమైన ఆట అని చెప్పి ఊరుకుంటారు. కష్టం పెట్టడం ఎవరికైనా చేతనవుతుంది, ఆయన దాన్ని అమర్చిన తీరు చూడండి. శత్రువులను చంపితే వచ్చే సోల్స్‌ ఇందులో డబ్బు లాంటివి. వాటితోనే లెవెల్ పెంచుకోవాలి, సోల్స్‌తోనే సరుకు కొనుక్కోవాలి. చచ్చిపోతే మోస్తున్న సోల్స్ పడిన చోటే ఉండిపోతాయి. అక్కడిదాకా వెళ్లి తెచ్చుకోవచ్చు, దారిలో మళ్లీ చచ్చామా, అవి గల్లంతు. మనం లేచేసరికి దారిలో మామూలు శత్రువులు కూడా లేచి ఎవరి చోట వాళ్లు నిలబడి ఉంటారు. మూల తిరగ్గానే పొడిచినవాడు ఈసారీ ఆ మూలలోనే ఉంటాడు. ఇప్పుడు ఆ సంగతి మనకు తెలుసు, డాలు పైకెత్తుకునే వెళతాం. హీరో లెవెల్ పైసా పెరగకపోయినా ఆ మెట్లు దాటేస్తాం. డ్రాగన్ క్వెస్ట్‌లో అంకెలు చేసే పని ఇక్కడ మన కళ్లు, చేతులు చేస్తున్నాయన్నమాట.

ఎక్కడ కావాలంటే అక్కడ సేవ్ చేసుకోనిచ్చే ఆటలు కూడా చాలా ఉన్నాయి. హాయిగానే ఉంటుంది కానీ, పాచిక కలిసిరానప్పుడల్లా పాత సేవ్‌కు పరిగెత్తడం అలవాటైపోతుంది. దీనికి నాకు బాగా నచ్చిన జవాబు 2019లో వచ్చిన ‘డిస్కో ఎలీసియం’లో ఉంది. అందులో హీరో ఒక పోలీసు. యుద్ధం కోసం వేరే పద్ధతంటూ లేదు, అంతా మాటలు, రెండు పాచికలు. ఏదైనా కష్టమైన పని చేయబోతే పాచికలు వేసి నైపుణ్యాన్ని పరీక్షిస్తారు. తెల్ల రంగు పరీక్షలో తప్పితే ఆ నైపుణ్యం పెంచుకుని మళ్లీ ప్రయత్నించవచ్చు, ఎర్రదానికి ఒక్కటే అవకాశం. తప్పినా కథ ఆగదు. తప్పినందుకే దొరికే సంభాషణలు ఉంటాయి, అవి కూడా అంతే శ్రద్ధగా రాశారు. ఓటమి తర్వాతి భాగం మీద ఇంత కష్టపడినవాళ్లంటే నాకు గౌరవం.

కాకపోతే అది పెద్దవాళ్ల ఆట. తాగుడు, బూతులు దండిగా ఉంటాయి, కాలేజీకి వెళ్లాక చూద్దాం. ఈలోగా ఫోన్లోనే దొరికే డ్రాగన్ క్వెస్ట్ మొదలుపెట్టండి. చివర్లో ప్రతినాయకుడు డ్రాగన్‌లార్డ్ తనతో చేయి కలిపితే సగం ప్రపంచం ఇస్తానంటాడు. ఎవరు ఏం జవాబిచ్చారో నాకు విడివిడిగా రాయండి.

మీ
పెదనాన్న