పదహారో గడిలో ఎక్స్ ఎందుకుంది?

తార్నాకలో ఉండే ఒక రీసెర్చ్ స్కాలర్ పోయిన వారం ఫోన్ చేసింది. పీహెచ్‌డీలో మూడో ఏడు. ఒక పేపర్ అచ్చయింది, రెండోది పంపే పనిలో ఉంది. "సార్, నా ఆర్కిడ్ నంబరు చివర ఎక్స్ వచ్చింది. మా కాలేజీ పోర్టల్లో అంకెలు తప్ప అక్షరాలు పడట్లేదు. ఆఫీసులో అడిగితే, ఎక్స్ బదులు సున్నా కొట్టమ్మా, ఎవరు చూస్తారు అన్నారు. కొట్టెయ్యనా?"

వద్దమ్మా అన్నాను. ఎందుకు వద్దో ఫోన్లో చెప్పబోతే పావుగంటైనా తేలలేదు. ఆ ఒక్క ఎక్స్ వెనకున్న లెక్కంటే నాకు చాలా ఇష్టం. అందుకే కాగితం మీద పెడుతున్నాను.

ఆర్కిడ్ (ORCID) అంటే పరిశోధకులకు ఇచ్చే గుర్తింపు సంఖ్య. 2012 అక్టోబరులో మొదలైంది. మొత్తం 16 గడులు, నాలుగేసి చొప్పున నాలుగు గుంపులు. పైసా కట్టనక్కర్లేదు, ఎవరిది వాళ్ళే తీసుకోవచ్చు. పేరుండగా నంబరెందుకు అంటారా? తెలుగు పేరు ఉన్నవాళ్ళకు ఆ అవసరం ఇట్టే అర్థమవుతుంది.

కొత్తపల్లి శ్రీనివాసరావు అనే పరిశోధకుడు ఒకాయన ఉన్నాడనుకుందాం. బడి రిజిస్టర్లో ఆయన కె. శ్రీనివాసరావు. మొదటి పేపర్ అదే పేరుతో పంపాడు. పత్రిక లెక్కలో చివర ఉన్న మాటే ఇంటిపేరు కాబట్టి 'శ్రీనివాసరావు కె.' అయ్యాడు. రెండో పేపర్లో రావుని విడదీసి రాశాడు, 'రావు కె. ఎస్.' అయ్యాడు. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడిలో కొత్తపల్లి అని ఉంది. దాని ప్రకారం విదేశంలో సదస్సుకు దరఖాస్తు చేస్తే 'కొత్తపల్లి ఎస్. ఆర్.' అని అచ్చయింది. మనిషి ఒకడే, రచయితలు ముగ్గురు. పైగా ఆ 'రావు కె. ఎస్.' కిందికే కె. సత్యనారాయణరావులు, కె. సుబ్బారావులు, కె. సాంబశివరావులు అందరూ వచ్చి చేరతారు. రావు అన్నది మనకు మర్యాద కోసం తగిలించే మాట, ఇద్దరు రావులకు చుట్టరికం ఉండాలని లేదు. ఆ సంగతి సూచికలు తయారుచేసే యంత్రానికి ఎవరూ చెప్పలేదు. వైద్య పరిశోధనల పెద్ద సూచిక మెడ్‌లైన్‌లో 2002 దాకా పూర్తి పేరు ఎక్కేదే కాదు. చివరి మాట, దాని పక్కన పొడి అక్షరాలు, అంతే. ఇక 'శ్రీ' అన్న అక్షరాన్ని ఇంగ్లీషులో ఎస్-ఆర్-ఐ అని రాసేవాళ్ళు, ఎస్-ఆర్-డబుల్ ఈ అని రాసేవాళ్ళు, మధ్యలో హెచ్ పెట్టేవాళ్ళు సరేసరి.

మన పెద్దవాళ్ళకూ ఇది తప్పలేదు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి ఇంటిపేరు యల్లాప్రగడ. 1925లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన ప్రచురించిన భాస్వరం కొలిచే పద్ధతి బయోకెమిస్ట్రీ లాబుల్లో 'ఫిస్కే–సుబ్బారో పద్ధతి'గా స్థిరపడింది. సొంత పేరు వెళ్ళి ఇంటిపేరు పీట మీద కూర్చుంది, అసలు ఇంటిపేరు 'వై' అనే ఒక్క అక్షరంగా మిగిలింది. అంతటితో అయిపోలేదు. 1964లో యూజీన్ గార్‌ఫీల్డ్ సైన్స్ సైటేషన్ ఇండెక్స్ తెచ్చాడు. ఏ పేపర్‌ని ఎవరెవరు ఉదహరించారో చూపించే మొదటి పెద్ద సూచిక అది. అచ్చు పుస్తకంగా వచ్చిన ఆ సూచికలో ఉదహరించిన పేపర్లను మొదటి రచయిత పేరు కిందే వేసేవారు. అంటే భాస్వరం పేపర్ కావాలంటే ఫిస్కే దగ్గర వెతకాలి. రెండో రచయిత పేరు తెలిసినంత మాత్రాన దారి దొరకదు. ప్రయోగశాలల్లో రోజూ నోట్లో నానే పేరు, లెక్క వేసే పుస్తకంలో మాత్రం కనపడేది కాదు. ఈ సంగతి మొదటిసారి తెలిసినప్పుడు నాకు చాలాసేపు మనసు బాగోలేదు.

గచ్చిబౌలి వైపు వెళ్ళేవాళ్ళకు సి. ఆర్. రావు రోడ్డు తెలిసే ఉంటుంది. ఆయన కల్యంపూడి రాధాకృష్ణారావు. స్టాటిస్టిక్స్ పుస్తకాల్లో క్రామర్–రావు, రావు–బ్లాక్‌వెల్ అని ఆయన పేరులోని చివరి ముక్కే నిలిచింది. అంతటివారికి నష్టం లేదు, ఏ రావో అందరికీ తెలుసు. నష్టమంతా కొత్తవాళ్ళకే. అదెంతో లెక్క వేసి చూడొచ్చు.

2005లో హోర్హే హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త హెచ్-ఇండెక్స్ అనే కొలత ప్రతిపాదించాడు. మీ పేపర్లను సైటేషన్ల ప్రకారం, అంటే ఒక్కోదాన్ని మిగతావాళ్ళు ఎన్నిసార్లు ఉదహరించారన్న లెక్కన, పెద్ద నుంచి చిన్నకు వరసగా పెట్టండి. ఆరో పేపర్‌కు కనీసం ఆరు సైటేషన్లుండి, ఏడోదానికి ఏడు లేకపోతే మీ హెచ్-ఇండెక్స్ 6. మన శ్రీనివాసరావుకు ఎనిమిది పేపర్లు, వాటి సైటేషన్లు 20, 15, 11, 9, 7, 6, 4, 2 అనుకుందాం. హెచ్-ఇండెక్స్ 6. ఇప్పుడు పేరు రెండుగా చీలింది. ఒక పేరు కింద 20, 11, 7, 4 పడ్డాయి, అక్కడ హెచ్-ఇండెక్స్ 4. రెండో పేరు కింద 15, 9, 6, 2 పడ్డాయి, అక్కడ 3. సెలక్షన్ కమిటీ ముందు ఆరు ఉన్న మనిషి నాలుగుతో నిలబడతాడు. తర్వాత రెండూ కలిపి ఏడు అనడానికీ లేదు, ఈ కొలతకు కూడిక వర్తించదు. ఆయన పనిలో లోపం లేదు, ఒక చుక్క, ఒక ఖాళీ చేసిన నష్టమిది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. సంఖ్యాశాస్త్రం పేరు చెప్పి, పేరులో ఒక ఏ కలపండి, ఒక ఎన్ రెట్టించండి, కలిసొస్తుంది అని సలహా ఇచ్చేవాళ్ళు మన ఊళ్ళో వీధికొకరున్నారు. చదువుకున్న పిల్లలు కూడా టెన్షన్‌లో వాళ్ళ మాట వింటున్నారు. పీహెచ్‌డీ మధ్యలో స్పెల్లింగ్ మార్చుకుంటే జరిగేది పైన చూపించిన చీలికే. అక్షరాలకు అంకెలు కట్టి కూడితే అదృష్టం తేలుతుందనడానికి ఏ ఆధారమూ లేదు, సైటేషన్లు చెల్లాచెదురవడం మాత్రం కళ్ళముందు కనిపిస్తుంది.

అంకెలకు నిజంగా చేతనైన పని ఇంకోటుంది. ఎక్స్ సంగతి ఇప్పుడు చూద్దాం.

ఆర్కిడ్ వాళ్ళు నమూనాగా చూపించే నంబరు 0000-0002-1825-0097. అమెరికాలోని బ్రౌన్ యూనివర్సిటీలో 1929లో పుట్టిన జొసయా కార్‌బెరీ అనే కల్పిత ప్రొఫెసర్‌ది ఇది. కాబట్టి ఎవరి వివరాలూ బయటపెట్టకుండా లెక్క చెయ్యొచ్చు. కాగితం, పెన్ను తీసుకోండి. చివరి 7ని చేత్తో మూసేయండి, పదిహేను అంకెలు మిగిలాయి. నియమం ఒక్కటే: ఎడమ నుంచి ఒక్కో అంకెనూ కలపాలి, వచ్చినదాన్ని రెట్టింపు చెయ్యాలి. మొదటి ఏడు సున్నాలకు సున్నాయే. తర్వాత 2, రెట్టిస్తే 4. దానికి 1 కలిపితే 5, రెట్టిస్తే 10. 8 కలిపితే 18, రెట్టిస్తే 36. 2 కలిపితే 38, రెట్టిస్తే 76. 5 కలిపితే 81, రెట్టిస్తే 162. సున్నాతో 324. ఇంకో సున్నాతో 648. ఆఖరున 9 కలిపితే 657, రెట్టిస్తే 1314. దీన్ని 11తో భాగిస్తే 119 సార్లు పోయి 5 మిగులుతుంది. 12లోంచి 5 తీసేస్తే 7. చెయ్యి తీసి చూడండి.

అంటే ఆఖరి గడి విడిగా ఇచ్చింది కాదు, ముందున్న పదిహేనూ సరిగ్గా ఉన్నాయని చెప్పే కాపలా. ఎవరైనా తొందరలో 1825ని 8125 అని కొట్టారనుకోండి. అదే లెక్క 4, 24, 50, 104, 218, 436, 872 అంటూ 1762 దగ్గర ఆగుతుంది. 11తో భాగిస్తే శేషం 2, 12లోంచి తీస్తే 10. రావాల్సింది పది, ఉన్నది ఏడు. తప్పు దొరికింది.

ఆ పదే ఎక్స్. 11తో భాగిస్తే శేషాలు 0 నుంచి 10 దాకా పదకొండు రకాలు. శేషం 1 అయితే 12లోంచి తీస్తే 11, దాన్ని సున్నాగా రాస్తారు. శేషం 0 అయితే 12, దాన్ని 1గా రాస్తారు. శేషం 2 అయినప్పుడు వచ్చే పది ఒక గడిలో పట్టదు, అందుకని రోమన్ పది అయిన ఎక్స్ వేస్తారు. సుమారుగా పదకొండు మందిలో ఒకరికి ఇలా వస్తుంది. దాని బదులు సున్నా కొడితే పదికీ సున్నాకీ తేడా వచ్చి, లెక్క సరిచూసే ఏ యంత్రమైనా ఆ నంబరు తప్పు అని తిప్పికొడుతుంది.

పదితో భాగిస్తే ఈ ఎక్స్ గొడవే ఉండదు కదా అనిపిస్తుంది. నాకు బాగా నచ్చేది ఇక్కడే. రెట్టింపు చేస్తూ పోవడం వల్ల ఒక్కో గడికి ఒక్కో బరువు పడుతుంది, అంటే అందులోని అంకె ఆఖరి మొత్తంలో అన్ని రెట్లుగా చేరుతుంది: కుడి నుంచి 2, 4, 8, 16, 32 అలా. పదితో భాగించే పద్ధతిలో 2 బదులు 7 కొట్టామనుకోండి. తేడా 5, దాని బరువు 2, గుణిస్తే 10, శేషం మారదు, తప్పు జారిపోతుంది. పదకొండు ప్రధాన సంఖ్య. ఒక అంకె తప్పయితే తేడా 1 నుంచి 9 లోపే. బరువు రెండు ఘాతం, అంటే రెండుల్ని గుణిస్తూ పోతే వచ్చేది. ఈ రెండింటిలోనూ పదకొండు దూరదు కాబట్టి గుణిస్తే వచ్చేదాంట్లోనూ దూరదు. ఒక్క అంకె తప్పు ఎప్పటికీ తప్పించుకోలేదు. పక్కపక్క అంకెలు తారుమారైనా అంతే. రెండు బరువుల తేడా కూడా రెండు ఘాతమే. ఇంకా లోతుకు పోతే, ఆ బరువుల్ని 11తో భాగించిన శేషాలు 2, 4, 8, 5, 10, 9, 7, 3, 6, 1. ఒకటి నుంచి పది దాకా అన్నీ ఒక్కోసారి వచ్చి, మళ్ళీ 2తో మొదలవుతాయి. కాబట్టి సరిగ్గా పది గడుల దూరంలో ఉన్న రెండు అంకెలు తారుమారైతే మాత్రం ఇది పట్టుకోలేదు. చేతి తొందరలో అంత దూరం దూకడం అరుదు.

ఐదో తరగతిలో శేషం అంటే భాగహారం చేశాక పక్కన పారేసే ముక్క అన్నట్టు చెప్పి వదిలేస్తాం. ఆ శేషం ఇంత పని చేస్తుందని పిల్లలకు చూపించాలి. సాధనాలేం అక్కర్లేదు. ఆదివారం కోఠీ, ఆబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద పాత ఇంగ్లీషు పుస్తకాలు తిరగేస్తే చాలు. 2007కు ముందు అచ్చయిన చాలా వాటి వెనక పది గడుల ఐఎస్‌బీఎన్ ఉంటుంది, కొన్నింటి చివర ఇదే ఎక్స్. అదీ పదకొండు లెక్కే. మన ఆధార్‌లో పన్నెండో అంకె కూడా కాపలాదే కానీ, అక్కడ వాడింది డచ్ గణితజ్ఞుడు వెర్‌హూఫ్ పద్ధతి. పంచభుజిని తిప్పినా బోర్లించినా వచ్చే పది స్థితుల మధ్య ఒక రకం గుణకారం అది. అందులో వరస మారితే చాలా చోట్ల ఫలితం మారుతుంది, కాబట్టి ఎక్స్ లేకుండానే తారుమారు దొరికిపోతుంది.

ఈ నంబరు చెప్పేది ఎవరు అన్నంతవరకే. ఎంత పని చేశారన్నది వేరే సంగతి. యూజీసీ 2018 నిబంధనల్లో ఇద్దరు రాసిన పేపర్‌కు ఒక్కొక్కరికి 70 శాతం మార్కులు, ఇద్దరికంటే ఎక్కువ ఉంటే ముఖ్య రచయితకు 70, మిగతా ప్రతి ఒక్కరికీ 30. కూడితే నూరు దాటుతుంది. 2015లో హిగ్స్ కణం ద్రవ్యరాశి కొలిచిన పేపర్‌కు 5,154 మంది రచయితలు. 33 పేజీల్లో 24 పేజీలు పేర్లు, సంస్థలే. అందుకే ఎవరు ఆలోచించారు, ఎవరు కొలిచారు, ఎవరు రాశారు అని పద్నాలుగు పాత్రలుగా విడగొట్టి పేపర్ చివర వేసే పద్ధతి ఇప్పుడు వ్యాపిస్తోంది. ఇది నాకు సబబుగా అనిపిస్తుంది. బేగంపేటలో రోనాల్డ్ రాస్ భవనం ముందు నుంచి వెళ్ళినప్పుడల్లా ఇదే గుర్తొస్తుంది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూశాడు, ఆ డిసెంబరులో పేపర్ వచ్చింది, 1902లో నోబెల్ వచ్చింది. దోమకు ఒక అణా చొప్పున తీసుకుని వాటిచేత కుట్టించుకున్న రోగి హుస్సేన్ ఖాన్. రాస్‌కు చేతికింద పనిచేసిన మనుషులూ ఉన్నారు. పేపర్ రచయితల్లో వీళ్ళెవరూ లేరు. రోగిని రచయితగా వెయ్యరు, నిజమే. దోమల్ని తెచ్చి పెంచిన చేతులకు మాత్రం ఆ పద్నాలుగింటిలో ఒక గడి ఇవ్వొచ్చు.

తార్నాక అమ్మాయి మొన్న మళ్ళీ ఫోన్ చేసి రెండో ప్రశ్న అడిగింది. పెళ్ళి కుదిరింది, ఇంటిపేరు మారుతుంది, రెండో పేపర్లో ముందు అక్షరం ఏది వెయ్యాలి? మొదటి పేపర్లో ఏది వేశావో అదే ఉంచు, ఆధార్‌లో ఏం మార్చుకున్నా సరే అన్నాను. ఆర్కిడ్ పేజీలో వేరే పేర్లకూ చోటుంది, కొత్తది అక్కడ చేర్చుకోవచ్చు. పోర్టల్ సంగతి ఇంకా తేలలేదు. పై లెక్క ఆమె నంబరుతోనే వేసి, శేషం 2 దగ్గర గీత గీసి ఇచ్చాను. సోమవారం ఆఫీసుకు పట్టుకెళ్తానంది.