డంపు పక్కన బోరు లోతుగా దించితే మంచినీళ్లు పడతాయా? అపోహలు - వాస్తవాలు

మూతపడ్డ ఫ్యాక్టరీలు వదిలేసి పోయిన వ్యర్థాల గుట్టల చుట్టూ భూగర్భజలాన్ని పరీక్షించడం నా పని. ఒంగోలు వైపు వెళ్లినా నెల్లూరు వైపు వెళ్లినా ఐస్ పెట్టె బండిలోంచి దించకముందే వినపడే మాట ఒకటుంది: "పైనీళ్లు చెడిపోయినయ్ సార్, ఇంకో మూడొందల అడుగులు దించితే మంచినీళ్లు పడతాయంట." జనం డబ్బునీ ఆరోగ్యాన్నీ ఈ నమ్మకం ముంచినంతగా ఇంకేదీ ముంచలేదు. అందుకే ముందు దీని సంగతి.

అపోహ: బోరు లోతుగా వేస్తే కాలుష్యం అందదు.

మన పడమటి మండలాల్లో చాలావరకు రాతినేల. పైన కొంతమేర మట్టి, మొరం. కింద బండ. బండలో నీళ్లు ఉండేది పగుళ్లలోనే. రిగ్గువాళ్లు కేసింగ్ పైపును మొరం దాటేదాకా దించి, గట్టి బండ తగలగానే ఆపేస్తారు. అక్కడినుంచి కిందికి ఒట్టి రంధ్రమే. డంపులోంచి కారిన ఊట మొదట చేరేది పై పొరలోకి. కేసింగ్ చుట్టూ ఉన్న సందులో సిమెంటు పోయకపోతే ఆ ఊట పైపు వెంబడే జారి కింది పగుళ్లలో కలుస్తుంది. మోటరు నడిపితే కింద నీటిమట్టం పడిపోయి ఆ జారుడు ఇంకా ఎక్కువవుతుంది. అంతదాకా పై పొరలో ఉన్న విషానికి మనమే అడుగుకింత అని డబ్బు కట్టి దారి తవ్విస్తున్నాం. ఆ పగులు పక్క చేలోకి పోతే పక్కవాళ్ల బోరూ పోయినట్టే.

ప్రకాశం జిల్లాలో ఒక పెద్దాయన ఇంట్లో బంగారం తాకట్టుపెట్టి రెండో బోరు వేయించాడు. కొబ్బరికాయతో పాయింటు పెట్టించి మరీ. మొదటి పరీక్షలో నీళ్లు బాగానే వచ్చాయి. ఎండాకాలమంతా మోటరు నడిచాక మళ్లీ తీస్తే క్రోమియం అనే విషలోహం పరిమితి దాటింది. ఆయన స్టీలు గ్లాసులో నీళ్లు పట్టి నా చేతికిచ్చాడు. "చూడబ్బాయా, ఎంత తేటగా ఉండాయో. మనవరాలికి ఇయ్యేగదా తాపిస్తుండేది" అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు, భయం ఉంది. తాగే నీళ్లలో క్రోమియం లీటరుకు 0.05 మిల్లీగ్రాములు మించకూడదు. క్రోమియం పసుపు ఛాయ కంటికి ఆనాలంటే సుమారు 1 మిల్లీగ్రాము ఉండాలి. అంటే పరిమితికి ఇరవై రెట్లయ్యేదాకా నీళ్లు తేటగానే కనపడతాయి.

డంపు దగ్గర్లో మీ బోరు చెడితే దాన్ని తెరిచి వదలొద్దు. సిమెంటు, బెంటోనైట్ (నీళ్లు తగిలితే ఉబ్బే బంకమట్టి) కలిపిన పాలు పైపుతో అడుగునుంచి పైదాకా నింపించి మూయించండి. కొత్తది వేసేముందు భూమిలో నీళ్లు ఎటునుంచి ఎటు పోతున్నాయో అడగండి. దానికి కనీసం మూడు బోర్లలో నీటిమట్టం కొలవాలి. ఆ లెక్క చెప్పలేనివాళ్ల మాట మీద రిగ్గు పిలవొద్దు. అప్పటిదాకా తాగడానికి, వంటకు బయటి నీళ్లే.

మిగతావి త్వరగా చెప్తాను.

టీడీఎస్ మీటర్ తక్కువ చూపించిందని నిశ్చింతగా ఉండొద్దు. అది కొలిచేది మొత్తం లవణాలను. క్రోమియం, సీసం ప్రమాదకర స్థాయిలో ఉన్నా దానికి తెలియదు. నీళ్లు మరిగిస్తే లోహాలు పోవు, నీరు ఆవిరై ఇంకాస్త చిక్కబడతాయి.

కనిగిరి ప్రాంతంలో పిల్లల పళ్లకు పట్టే గార ఫ్లోరైడ్ వల్ల. అది అక్కడి రాళ్లలోంచి వచ్చేది, ఫ్యాక్టరీలు లేని ఊళ్లలోనూ ఉంది. రెండు సమస్యలనూ కలిపేస్తే రెండిటికీ మందు దొరకదు.

"ఆ ఊరి గాలి తగిలినా కేన్సరే, ఆ ఊరి సంబంధం వద్దు" అనేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. లోహాలు మనిషిలోకి చేరేది ముఖ్యంగా నీళ్లు, తిండి, దుమ్ము ద్వారా. ఆ ఊరి ఆడపిల్లలు ఏం పాపం చేశారు?

మొత్తం తవ్వి లారీల్లో తీసుకుపోతేనే శుభ్రం చేసినట్టు అనుకుంటారు. తవ్వితే దుమ్ము లేస్తుంది, వాన పడితే ఊట పారుతుంది. చాలాచోట్ల బంకమట్టి, హెచ్‌డీపీఈ అనే మందపాటి ప్లాస్టిక్ షీటు కప్పి, వాననీరు లోపలికి దిగకుండా కాలవలు తీసి, ఊటను తోడి శుద్ధి చేయడమే మేలు. అయితే కప్పేశాక కూడా దశాబ్దాలపాటు చుట్టూ బోర్లు పరీక్షిస్తూనే ఉండాలి. ఆ పని ఆగిపోతే ఊరు గట్టిగా అడగాలి. 2025 జూలైలో కేంద్రం కలుషిత స్థలాల మీద ప్రత్యేక నియమాలు తెచ్చింది. వాటి ప్రకారం అనుమానిత స్థలాల వివరాలు జిల్లా యంత్రాంగం పంపాలి, ఖర్చు కాలుష్యం చేసినవాళ్లు భరించాలి. అర్జీ కలెక్టరేట్‌లో ఇచ్చి రసీదు తీసుకోండి.

ఒక్కసారి పరీక్ష చేయిస్తే సరిపోదు. మనకు పెద్దవానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. కాబట్టి మేలో ఒకసారి, జనవరిలో ఒకసారి తీయించండి. కూల్‌డ్రింక్ సీసాలో పట్టివ్వకండి, ల్యాబ్ వాళ్ల సీసాలే అడగండి. బోరులో నిలవనీళ్లు పోయేదాకా మోటరు నడిపి అప్పుడు పట్టండి. రిపోర్టులో "బీడీఎల్" అని ఉంటే ఏమీ లేదని కాదు, వాళ్ల పరికరానికి అందలేదని. సీసం పరిమితి లీటరుకు 0.01 మిల్లీగ్రాములు. ల్యాబ్ 0.05 కన్నా కింద కొలవలేనిదైతే ఆ బీడీఎల్ మీకు ఏమీ చెప్పదు. ఎంత తక్కువదాకా కొలవగలరో శాంపిల్ ఇచ్చేముందే అడిగి రాయించుకోండి.