మలుపులో ఆగిపోయే ట్యాంకు: మోటారు లోపలి ఎదురు వోల్టేజీ కథ

చిత్తూరు నుంచి ఒక పాఠకుడి ప్రశ్న: “1/16 స్కేలు రిమోట్ ట్యాంకులో కంపెనీ మోటార్లు తీసేసి, ఎక్కువ స్పీడువి వేశాను. నేరుగా బ్రహ్మాండంగా పోతోంది. ఉన్నచోటే తిప్పితే మాత్రం గుర్రుమని ఆగిపోతుంది, కాలిన వాసన వస్తుంది. ఇంకా స్పీడు మోటారు కొనాలా?”

వద్దు. రోగం ముదిరేది ఆ మందుతోనే. ఎందుకో తెలియాలంటే మోటారు చేసే రెండో పని అర్థం కావాలి.

అయస్కాంతం, తీగచుట్ట, ఫ్లెమింగ్ ఎడమచేతి నియమం పదో తరగతి పుస్తకంలోనే ఉన్నాయి, వాటి జోలికి పోను. ఆ పాఠం సాధారణంగా “చుట్ట తిరుగుతుంది” అనే చోట ఆగిపోతుంది. అసలు రుచి మొదలయ్యేది అక్కడే. తిరుగుతున్న చుట్ట అయస్కాంత క్షేత్రాన్ని కోస్తోంది కదా, అంటే అది డైనమో కూడా. తనను నడిపించే వోల్టేజీకి ఎదురుగా తానే ఒక వోల్టేజీ పుట్టిస్తుంది. అది ఎప్పుడూ ఎదురుగానే పుడుతుందన్న సూత్రాన్ని భౌతిక శాస్త్రవేత్త లెంజ్ 1834లో చెప్పాడు. డైనమోకి కరెంటు ఇస్తే మోటారుగా తిరుగుతుందని 1873లో వియన్నా ప్రదర్శనలో జెనోబ్ గ్రామ్ అనే బెల్జియం ఇంజనీరు డైనమోలతో లోకానికి చూపించారు. బడిలో దీన్ని చూపడానికి పెద్ద ఖర్చేమీ లేదు. రెండు బొమ్మ మోటార్ల ఇరుసులను సైకిల్ వాల్వ్ ట్యూబు ముక్కతో కలపండి. ఒకదానికి రెండు సెల్లులు తగిలిస్తే రెండోదాని వైర్లకు కట్టిన ఎర్ర ఎల్ఈడీ వెలుగుతుంది. వెలగకపోతే ఎల్ఈడీని తిప్పి కట్టండి. ఉపాధ్యాయులు ఈ ఒక్కటి చూపిస్తే నియమాలు బట్టీ పట్టించే పని సగం తగ్గుతుంది.

ఇక లెక్క. 380 సైజు మోటారు ఒకటి తీసుకుందాం. చుట్ట నిరోధం 0.6 ఓం, బ్యాటరీ 7.2 వోల్టులు, ఖాళీగా తిరిగితే నిమిషానికి 15,000 చుట్లు, అప్పుడు తీసుకునే కరెంటు అర ఆంపియరు. నిరోధాన్ని బట్టి చూస్తే 12 ఆంపియర్లు పారాలి, పారేది అర ఆంపియరే. మిగతాదాన్ని ఆపుతున్నది ఎదురు వోల్టేజీ. 7.2లో 6.9 వోల్టులను అదే కొట్టేస్తోంది, చుట్ట మీద పడేది 0.3 వోల్టు మాత్రమే.

బరువు పడి వేగం తగ్గిందనుకోండి. ఎదురు వోల్టేజీ వేగంతో పాటే తగ్గుతుంది. అది 5.76 వోల్టులకు దిగితే చుట్టకు మిగిలేది 1.44, పారేది 2.4 ఆంపియర్లు. అందులో వేడిగా పోయేది మూడున్నర వాట్లు, పనిగా మారేది దాదాపు 14 వాట్లు. ఇది ఆరోగ్యకరమైన స్థితి. ఇంకా బరువు వేసి 3.6 వోల్టులకు దించితే 6 ఆంపియర్లు, చేసే పని ఎంతో పుట్టే వేడీ అంతే, చెరి 21.6 వాట్లు. ఇరుసు పూర్తిగా బిగుసుకుంటే ఎదురు వోల్టేజీ సున్నా. 12 ఆంపియర్లూ పారతాయి, 86 వాట్లూ వేడే. బొటనవేలు లావున్న డబ్బాలో అంత వేడి ఎంతసేపు ఇముడుతుంది? కొన్ని సెకన్లలో తీగ మీది ఎనామిల్ పూత వాసన మొదలవుతుంది.

మన జిల్లా రైతుకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇసుక పట్టి బోరు మోటారు బిగుసుకుంటే అది తిరగకుండా మూలుగుతుంది. స్టార్టరు కొట్టెయ్యకపోతే వైండింగు పోతుంది. బోరుది ఏసీ ఇండక్షన్ మోటారు, లోపలి లెక్క వేరు. కానీ తిరుగుడు ఆగితే ఎదురు వోల్టేజీ పడిపోయి కరెంటు ఎగబాకడం రెండింటికీ ఒకటే. బోరుకి ఓవర్‌లోడ్ రిలే ఉంటుంది, బొమ్మ ట్యాంకుల్లో చాలావాటికి అదీ ఉండదు.

మలుపులోనే ఎందుకీ తిప్పలు? ట్యాంకుకు స్టీరింగు లేదు. ఒక పట్టా ముందుకి, ఇంకోటి వెనక్కి పోతే ఉన్నచోట తిరుగుతుంది. అలా తిరిగేటప్పుడు నేలను తాకుతున్న పట్టా అంతా అడ్డంగా ఈడ్చుకుపోవాలి. ఆ ఈడ్పుకు ఒక్కో పట్టా ఇవ్వాల్సిన బలం ఇంత: ఘర్షణ గుణకాన్ని బరువుతోనూ, నేలను తాకే పట్టా పొడవుతోనూ గుణించి, రెండు పట్టాల మధ్య దూరానికి నాలుగు రెట్లతో భాగించాలి. ఆరు కిలోల ట్యాంకు, పొడవు దూరానికి ఒకటిన్నర రెట్లు, సిమెంటు నేల మీద గుణకం 0.6 అనుకుంటే ఒక్కో పట్టాకు 13 న్యూటన్లు వస్తుంది. నేరుగా పోవడానికి రెండు మూడు న్యూటన్లు చాలు. అంటే మలుపులో భారం నాలుగైదు రెట్లు. ప్లాస్టిక్ పట్టాలు తీసి లోహపు పట్టాలు, లోహపు చక్రాలు వేస్తే బరువు పెరుగుతుంది, భారమూ అదే దామాషాలో పెరుగుతుంది. మెత్తటి మట్టిలో పట్టా అంచులు మట్టిని కూడా తోయాలి కాబట్టి లెక్క ఇంకా పైకి పోతుంది.

ఇప్పుడు స్పీడు మోటారు సంగతి. అదే డబ్బాలో చుట్లు తగ్గించి, తీగ లావు పెంచితే వేగం పెరుగుతుంది. పై మోటారును 25,000 చుట్లకు మార్చారనుకుందాం. తీగ చుట్లు 0.6 రెట్లు అవుతాయి, నిరోధం 0.36 రెట్లు, అంటే 0.22 ఓం. అదే మెలితిప్పు బలానికి ఇప్పుడు 1.67 రెట్ల కరెంటు కావాలి. కరెంటు వర్గం 2.78 రెట్లు, నిరోధం 0.36 రెట్లు, గుణిస్తే ఒకటి. అంటే అదే బలానికి చుట్టలో పుట్టే వేడి ఏమీ మారలేదు! కానీ బ్యాటరీ, వైర్లు, కనెక్టరు, బోర్డులో కరెంటును ఆపి వదిలే మాస్‌ఫెట్ స్విచ్చులు, వీటి నిరోధం తగ్గలేదు కదా. వాటిలో వేడి 2.78 రెట్లు. బిగుసుకున్నప్పుడు ఒక్కో మోటారు అడిగే కరెంటు 33 ఆంపియర్లు. బోర్డు చేతులెత్తేస్తుంది, లేదా బ్యాటరీ వోల్టేజీ కుంగి రిసీవరు ఆగిపోతుంది. ఆ పాఠకుడి ట్యాంకు గుర్రుమని ఆగడం ఇదే.

వేడిని నిజంగా తగ్గించే దారులు రెండే. ఒకటి, ఎక్కువ రాగి, ఎక్కువ అయస్కాంతం ఉన్న మోటారు. అదే వ్యాసంలో పొడవెక్కువ ఉండే 390 సైజు ఆ కోవలోదే. కొనేముందు హల్లులో (ట్యాంకు కింది డొప్పలో) వెనక జాగా కొలుచుకోవాలి, రెండు మోటార్ల వెనక భాగాలు ఒకదానికొకటి తగలకూడదు. రెండోది, నా ఓటు దీనికే, గేర్‌బాక్సులో వేగం ఇంకా తగ్గించడం. 20 మిల్లీమీటర్ల వ్యాసార్ధం గల స్ప్రాకెట్ (పట్టాను లాగే పళ్ల చక్రం), 60 శాతం సామర్థ్యంతో పనిచేసే గేర్లు అనుకుని పై ట్యాంకుకే లెక్కేస్తే, 30:1 గేరుతో మలుపులో 3.9 ఆంపియర్లు, 9 వాట్ల వేడి. 60:1 గేరుతో 2.2 ఆంపియర్లు, 3 వాట్ల లోపే. వేగం పోతుందని దిగులు పడక్కర్లేదు. 60:1తో సెకనుకు అర మీటరు పోతుంది. పదహారుతో గుణిస్తే గంటకు 30 కిలోమీటర్లు. ఆవడిలో తయారైన అర్జున్ మార్క్-1 ట్యాంకు రోడ్డు మీద గరిష్ఠ వేగం 70, పొలాల్లో 40. పొలాల్లో దాని పూర్తి వేగం చూపాలన్నా సెకనుకు 0.7 మీటరు చాలు. బొంగరంలా గిర్రున తిరిగే ట్యాంకు చూడ్డానికీ బాగుండదు.

వేడి గురించి ఇంకో లెక్క ఉంది, తిరుపతి ఎండల్లో ఆడేవాళ్లకు మరీ ముఖ్యం. రాగి నిరోధం డిగ్రీకి దాదాపు 0.39 శాతం పెరుగుతుంది. మామూలు మోటార్లలో ఉండే ఫెర్రైట్ అయస్కాంతం డిగ్రీకి 0.2 శాతం బలం కోల్పోతుంది. మే నెలలో 40 డిగ్రీల దగ్గర మొదలైన మోటారు లోపల 120కి చేరిందనుకోండి. నిరోధం 31 శాతం ఎక్కువ, అయస్కాంతం 16 శాతం తక్కువ. అదే బలానికి కరెంటు 19 శాతం పెరగాలి. రెండూ కలిపితే వేడి 1.86 రెట్లు. వేడి వేడిని పెంచుతుంది. చల్లారితే ఫెర్రైట్ బలం తిరిగొస్తుంది, ఎనామిల్ మాత్రం రాదు. నియోడిమియం అయస్కాంతాల మోటారైతే ఇంకా జాగ్రత్త, సాధారణ రకాలు 80 డిగ్రీలు దాటితే శాశ్వతంగా నీరసించవచ్చు. పదిహేను నిమిషాలు నడిపి, డబ్బా మీద వేలు మూడు సెకన్లు ఆనించలేకపోతే ఆపేయండి.

కొనేటప్పుడు చాలామంది చూడనిది బ్రష్‌ల (తిరిగే చుట్టకు కరెంటు అందించే కార్బన్ ముక్కల) కోణం. విమానాలు, పడవల కోసం చేసిన మోటార్లు కొన్ని ఒకే దిక్కున బాగా తిరిగేలా బ్రష్‌లను కాస్త పక్కకు జరిపి వస్తాయి. ట్యాంకులో రెండు మోటార్లు అద్దంలో బొమ్మల్లా ఎదురెదురుగా కూర్చుంటాయి కాబట్టి, ముందుకు పోయేటప్పుడు ఒకటి సవ్యంగా, ఒకటి అపసవ్యంగా తిరుగుతుంది. కోణం జరిపిన మోటార్లు వేస్తే ట్యాంకు ఎప్పుడూ ఒక పక్కకే లాగుతుంది, రిమోట్‌లో ట్రిమ్ ఎంత తిప్పినా పూర్తిగా కుదరదు. 3 వోల్టులిచ్చి రెండు దిక్కులా తిప్పి కరెంటు చూడండి, ఒకేలా ఉండాలి. జత మోటార్ల మధ్య కూడా తేడా పది శాతం లోపుంటే మంచిది. ఇరుసు 2.3 మిల్లీమీటర్లా కాదా చూసుకోండి, పాత పినియను (ఇరుసుకు తొడిగే చిన్న గేరు) బిగువుగా ఎక్కకపోతే ఆ మోటారు వద్దు.

బిగించేటప్పుడు 104 అని రాసున్న సిరామిక్ కెపాసిటర్లు మూడు వేయాలి: ఒకటి రెండు టెర్మినళ్ల మధ్య, మిగతా రెండూ ఒక్కో టెర్మినల్ నుంచి డబ్బాకి. డబ్బాను ముందు ఆకురాయితో గీకితేనే సోల్డరు పట్టుకుంటుంది. ఇనుప పొడి కన్నాల్లో పడకుండా టేపు వేసి గీకండి. టెర్మినల్ మీద సోల్డరింగ్ ఐరన్ మూడు సెకన్లకు మించితే వెనక ప్లాస్టిక్ మెత్తబడి బ్రష్ పక్కకు ఒరుగుతుంది. ఆ తర్వాత ఆ మోటారు ఎందుకూ పనికిరాదు. మోటారు జరిపే వీలున్న గేర్‌బాక్సైతే పినియనుకూ గేరుకూ మధ్య పల్చటి కాగితం ముక్క పెట్టి బిగించి, తర్వాత తిప్పి లాగేయండి. కాగితం మీద పళ్ల గుర్తులు పడాలి, చిరగకూడదు. బ్యాటరీ ప్లస్ వైరులో ఆటో ఎలక్ట్రికల్ షాపుల్లో దొరికే 10 ఆంపియర్ల బ్లేడు ఫ్యూజు పెట్టండి. మూడు సెల్లుల లిపో (లిథియం పాలిమర్) బ్యాటరీ వేయాలని ఉబలాటపడొద్దు. నిండుగా ఉన్నప్పుడు రెండు సెల్లులది 8.4 వోల్టులు, మూడింటిది 12.6. బిగుసుకున్నప్పుడు పుట్టే వేడి వోల్టేజీ వర్గాన్ని బట్టి కాబట్టి 2.25 రెట్లవుతుంది.

కొత్త మోటారును నీళ్లలో ముంచి తిప్పితే బ్రష్‌లు త్వరగా కుదురుకుంటాయని ఒక నమ్మకం బాగా ప్రచారంలో ఉంది. కుదురుకోవడం నిజమే, కానీ అరుగుదల ఎక్కువ, బుష్‌లలోని (ఇరుసు తిరిగే ఉంగరాల్లోని) నూనె కడిగేసుకుపోతుంది, ఇరుసు తుప్పు పడుతుంది. రెండు పెన్‌టార్చి సెల్లులతో ఖాళీగా అరగంట తిప్పితే కార్బన్ బ్రష్, అది ఆనే కమ్యుటేటర్ రాగి రేకుల గుండ్రానికి తగ్గట్టు నిదానంగా అరుగుతుంది. ఆయుధపూజ నాడు పసుపు, కుంకుమ పెట్టేవాళ్లు ట్యాంకు ముందు పలకకు పెట్టండి. మోటారు కన్నాల దగ్గర పొడి ఏదైనా బ్రష్‌లకు శత్రువే.

పొడి అంటే మన దగ్గర పెద్ద బెడద ఇసుక. గ్రానైటు అరిగి వచ్చిన మట్టిలో క్వార్ట్జ్ ఉంటుంది, దాని కాఠిన్యం మోస్ స్కేలు మీద 7. ఇత్తడి పినియను 3 దగ్గర. గ్రీజులో క్వార్ట్జ్ కలిస్తే అది సానపట్టే ముద్ద. అందుకే గ్రీజు మూసిన గేర్‌బాక్సు లోపల, పళ్ల మీద పల్చగా మాత్రమే. పట్టాలకు, బయటి స్ప్రాకెట్‌కు అస్సలు వద్దు. స్వర్ణముఖి ఇసుకలో అయస్కాంతాన్ని ప్లాస్టిక్ కవరులో చుట్టి తిప్పి చూడండి, నల్లటి రేణువులు అంటుకొస్తాయి. ఇనుప ఖనిజం అది. తిరిగే మోటారు కన్నాల్లోంచి ఈ రేణువులు లోపలి అయస్కాంతానికి అతుక్కుని, ఆర్మేచర్‌కూ దానికీ మధ్య ఉన్న సన్నటి సందులో గీసుకుంటాయి. ఊదితే పోవు. మోటారు కన్నాలు మూస్తే గాలాడదు కాబట్టి, హల్లు అడుగు సందులకు లోపలి నుంచి సన్నటి నైలాన్ వల అతికించండి.

పది గంటల ఆటకొకసారి కాంటాక్ట్ క్లీనరు కన్నాల్లోకి కొట్టి, నల్లటి నీళ్లు కారేదాకా చేత్తో తిప్పి, పూర్తిగా ఆరనివ్వండి. తడి ఆరకుండా కరెంటిస్తే నిప్పురవ్వకు అంటుకోవచ్చు. ఆ తర్వాత రెండు చివరల బుష్‌లకు కుట్టుమిషను నూనె సూది మొనతో ఒక్క చుక్క. అంతకు మించితే కమ్యుటేటర్ మీదికి పాకి, కార్బన్ పొడితో కలిసి ముద్దై, రేకుల మధ్య సందుల్ని కలిపేస్తుంది. తుప్పు వదిలించే స్ప్రేలను లోపలికి కొట్టకూడనిది ఇందుకే.

ట్యాంకు ఒక పక్కకు లాగుతుంటే మోటారు విప్పి డ్రిల్లింగ్ మిషనుకు బిగించండి. దాన్నే డైనమోగా వాడుకుందాం. నిమిషానికి 2,800 చుట్ల డ్రిల్లుతో ఇరుసును తిప్పి, టెర్మినళ్ల దగ్గర మల్టీమీటరు పెడితే మన లెక్కలోని మోటారు దాదాపు 1.3 వోల్టులు చూపాలి. రెండో మోటారు అదే డ్రిల్లుతో 1.1 చూపితే దాని అయస్కాంతం నీరసించింది, లేదా చుట్టలో కొన్ని చుట్లు కలిసిపోయాయి. ముల్లు ఊగిసలాడుతుంటే బ్రష్ సరిగా ఆనడం లేదు. రెండింటిదీ ఒకే వోల్టేజీ అయితే మోటార్లు మంచివే, లోపం గేర్‌బాక్సులోనో, మరీ బిగించిన పట్టాలోనో వెతకండి.

బ్రష్‌లెస్ వేస్తే ఈ తలనొప్పులు పోవా అని అడిగేవాళ్లకు: బ్రష్‌లు పోతాయి, ఎదురు వోల్టేజీ పోదు. సెన్సార్ లేని రకంలో రోటరు ఎక్కడుందో స్పీడు కంట్రోలరు తెలుసుకునేది కరెంటు ఇవ్వని మూడో చుట్టలో పుట్టే ఎదురు వోల్టేజీ చూసే. నిలబడి ఉన్నప్పుడు అది సున్నా, అంటే దానికి ఏమీ కనబడదు. అందుకే బరువుతో బయలుదేరేటప్పుడు వణుకుతుంది. ట్యాంకు చేసేదే నిదానంగా బయలుదేరడం, మాటిమాటికీ ఆగడం. వేస్తే హాల్ సెన్సార్లు (అయస్కాంతాన్ని పసిగట్టి రోటరు ఎక్కడుందో చెప్పేవి) ఉన్నదే వేయండి, దాని సన్న వైర్ల కట్టను పవరు వైర్లకు దూరంగా నడపండి.