ఆవలిస్తే లేచిన చెయ్యి

మా మావయ్యకు స్ట్రోక్ వచ్చిన నాలుగో వారం. మధ్యాహ్నం మంచం మీద పడుకుని పెద్దగా ఆవలించాడు. అప్పటిదాకా దిండు మీద పెట్టింది పెట్టినట్టే పడి ఉన్న ఎడమ చెయ్యి మోచేతి దగ్గర మడతపడుతూ మెల్లగా గుండెల మీదికి లేచింది. ఆవలింత అయిపోగానే మళ్లీ కిందికి జారింది. పక్కనే ఉన్న అత్తయ్య చేతిలో గ్లాసు వదిలేసింది. "ఏమండీ, ఇంకోసారి లేపండి" అని బతిమాలింది. ఆయన ఎంత ప్రయత్నించినా వేలు కూడా కదల్లేదు.

ఆ నాలుగు వారాల్లో చూడ్డానికి వచ్చిన వాళ్లందరూ ఒకే మాట అన్నారు: "నరాలు చచ్చుబడ్డాయి." దాని వెనకే సలహాలు. ఫలానా నూనె పట్టించండి, ఫలానా ఊళ్లో పసరు మందు ఇస్తారు, పావురం మాంసం పెట్టండి. ఆవలింతతో లేచిన ఆ చేతిని చూశాక నాకు ఆ మాట మీదే అనుమానం పుట్టింది. చచ్చిన నరం చేతిని ఎలా లేపుతుంది? దొరికినవన్నీ చదవడం మొదలుపెట్టాను. నాకు అర్థమైంది ఇది: స్ట్రోక్ వచ్చిన రోజున ఆ మాట పూర్తిగా తప్పు. కానీ నెలలు గడిచేకొద్దీ అందులో కొంత నిజం వచ్చి చేరుతుంది. ఆ కొంత గురించి ఆస్పత్రిలో మాకెవరూ చెప్పలేదు.

చెయ్యి కదలాలంటే మెదడు నుంచి కబురు రెండు అంచెల్లో రావాలి. మెదడు పైపొరలో ఉన్న నరకణం తన తీగను వెన్నుపాము దాకా దింపుతుంది. మెదడు ముగిసి వెన్నుపాము మొదలయ్యే చోట ఈ తీగల్లో 85 నుంచి 90 శాతం అటువి ఇటు, ఇటువి అటు దాటుతాయి. మెదడు కుడి వైపు దెబ్బతింటే ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయేది ఇందుకే. వెన్నుపాములో రెండో కణం ఆ కబురు అందుకుంటుంది. అక్కడి నుంచి కండరం దాకా వెళ్లే తీగ దానిది. నడుము దగ్గర మొదలై పాదం దాకా పోయే తీగ సుమారు మీటరు పొడవుంటుంది. మనం వాడుకలో "నరం" అనేది ఇలాంటి తీగల కట్టనే.

స్ట్రోక్ కొట్టేది మొదటి అంచెను. మెదడులో రక్తనాళం మూసుకుపోతుంది, లేదా చిట్లుతుంది. పెద్ద రక్తనాళం మూసుకుపోయి చికిత్స అందకపోతే నిమిషానికి సుమారు 19 లక్షల నరకణాలు పోతాయని అమెరికా వైద్యుడు జెఫ్రీ సేవర్ 2006లో లెక్కకట్టారు. మూతి వంకర పోయినా, మాట తడబడినా, చెయ్యి జారిపోయినా ఒక్క నిమిషం ఆలస్యం చేయొద్దని డాక్టర్లు అంతగా చెప్పేది ఇందుకే. అయితే ఆ రోజున చేతిలోని నరం చెక్కుచెదరకుండా ఉంటుంది. దానికి కబురు రావడం ఆగిపోయింది, అంతే.

ఆవలింత మెదడు అడుగు భాగంలోని పాత కేంద్రాల నుంచి పుడుతుంది. మనం కావాలని చెయ్యి ఎత్తేటప్పుడు వాడే దారి వేరు, ఆవలింత కబురు వెన్నుపాముకు చేరే దారి వేరు. మొదటి దారి తెగినా రెండోది మిగిలి ఉండొచ్చు. పడిపోయిన చెయ్యి ఆవలింతతో లేవడానికి ఫ్రాన్స్ వైద్యులు 2005లో ప్రత్యేకంగా ఒక పేరే పెట్టారు. అది చెయ్యి బాగవుతోందనడానికి గుర్తు కాదు. ఈ సంగతి అత్తయ్యకు చెప్పడానికి నాకు చాలా రోజులు మనసు రాలేదు. కానీ కింది అంచె బతికే ఉందనడానికి అంతకంటే మంచి సాక్ష్యం లేదు.

ఇంకో సాక్ష్యం డాక్టరు చేతిలోని చిన్న సుత్తి. మొదట్లో మెత్తగా వేలాడే కాలు కొన్ని వారాలకు బిగుసుకోవడం మొదలవుతుంది. అప్పుడు మోకాలి చిప్ప కింద సుత్తితో తడితే పడిపోయిన కాలే మంచి కాలి కంటే గట్టిగా ఎగురుతుంది. అరికాలి అంచు వెంట తాళంచెవితో గీస్తే బొటనవేలు పైకి లేస్తుంది. ఈ గుర్తును 1896లో పారిస్‌లో జోసెఫ్ బాబిన్‌స్కీ వివరించాడు. మెదడు ఆజ్ఞలు పంపడంతో సరిపెట్టుకోదు, వెన్నుపామును అదుపులో కూడా పెడుతుంది. కండరం సాగితే వెంటనే ముడుచుకొమ్మని వెన్నుపాము చెబుతుంది, అంత తొందర వద్దని మెదడు ఆపుతుంది. ఆపేవాళ్లు లేకపోయేసరికి ప్రతి చిన్న సాగుడుకూ కండరం బిగుసుకుంటుంది. చేతిని మెల్లగా చాపితే వస్తుంది, విసురుగా లాగితే మొరాయిస్తుంది.

ఇక నెలల మీద జరిగే సంగతి. కెనడాలో పనిచేసిన అలన్ మెకోమస్, ఆయన సహచరులు 1973లో పక్షవాతం వచ్చినవాళ్ల కండరాల్లో పనిచేస్తున్న నరపు తీగలు ఎన్నో అంచనా కట్టారు. స్ట్రోక్ తర్వాత రెండో నెలకూ ఆరో నెలకూ మధ్య ఆ సంఖ్య దాదాపు సగానికి పడిపోయినట్టు వాళ్లకు కనిపించింది. దెబ్బ తగిలింది మెదడులో, తగ్గింది వెన్నుపాము నుంచి వచ్చే తీగలు! పై నుంచి కబురు అందక రెండో కణం కూడా క్షీణిస్తుందని వాళ్ల వాదన. దీన్ని అందరూ ఒప్పుకోలేదు. పడిపోయిన కాలూ చెయ్యీ ఎక్కడో నొక్కుకుపోవడం వల్ల నరం దెబ్బతింటుందని కొందరన్నారు. నాకు రెండూ నిజమే కావచ్చనిపిస్తుంది. కండరంలో సూది పెట్టి చూసే ఈఎంజీ పరీక్షలో మాత్రం, స్ట్రోక్ తర్వాత రెండు మూడు వారాలకే నరంతో సంబంధం తెగిన కండర పోగులు ఇచ్చే సంకేతాలు కొందరిలో కనిపిస్తాయి.

2007లో సిడ్నీలో డేవిడ్ బర్క్ బృందం మరింత సూక్ష్మంగా చూసింది. తీగ తెగకపోయినా దాని పొరలో విద్యుత్తును అదుపు చేసే ద్వారాల తీరు పడిపోయిన వైపు మారిందని గమనించింది. పని లేని నరం నెమ్మదిగా తన స్వభావాన్నే మార్చుకుంటోందన్నమాట. మరోవైపు, తమ తీగ పోగొట్టుకున్న కండర పోగులను పక్క తీగలు కొత్త కొమ్మలు వేసి చేరదీస్తాయి. ఒక్కో తీగ కింద ఎక్కువ పోగులు చేరతాయి కాబట్టి బలం కొంత నిలుస్తుంది, కానీ నాజూకుతనం తగ్గుతుంది. గ్లాసు పట్టుకోగలిగిన చేతికి చొక్కా గుండీ పెట్టుకోవడం కష్టం కావడంలో దీనికీ కొంత పాత్ర ఉండొచ్చు. పెద్ద కారణం మాత్రం మెదడులోనే ఉంటుంది.

ఫిజియోథెరపీలో "కరెంటు పెట్టడం" చాలామంది చూసే ఉంటారు. ఆ కరెంటు ముందుగా తట్టి లేపేది కండరాన్ని కాదు, దానిలోకి వెళ్లే నరాన్ని. కింది అంచె బతికి ఉంది కాబట్టే అంత చిన్న కరెంటుకు మణికట్టు పైకి లేస్తుంది. బిగుసుకున్న చేతికి ఇచ్చే బొటాక్స్ ఇంజెక్షన్ దీనికి ఎదురు దారిలో పనిచేస్తుంది. నరం కొసకూ కండరానికీ మధ్య కబురును అడ్డుకుంటుంది. సుమారు మూడు నెలలు కండరం వదులవుతుంది, ఆ వ్యవధిలో వ్యాయామం చేయించుకోవాలి.

ఇంట్లోవాళ్లు చేసే ఒక పని గురించి గట్టిగా చెప్పాలి. మేమూ చేశాం. మంచం మీద నుంచి లేపడానికి పడిపోయిన చెయ్యి పట్టుకుని లాగేవాళ్లం. భుజాన్ని పట్టి ఉంచే కండరాలు వదులైపోయి ఉంటాయి కాబట్టి ఆ కీలు కిందికి జారుతుంది. మెడ నుంచి చంక గుండా చేతిలోకి దిగే నరాల గుత్తి కూడా సాగి దెబ్బతినొచ్చు. అప్పుడు మాత్రం నిజంగానే చేతి నరం పాడవుతుంది, మన చేతులతో మనమే పాడుచేస్తాం. కాలు బయటి వైపు ఒరిగి అలాగే గంటల తరబడి ఉంటే మోకాలి పక్కన ఎముక మీదుగా వెళ్లే నరం పరుపుకు నొక్కుకుంటుంది. అక్కడ దెబ్బతింటే పాదం పైకి లేవదు, అది కూడా స్ట్రోక్ వల్లే అనుకుంటాం. మోచేయి లోపలి వైపు నరానిదీ ఇదే కథ. షుగర్ ఉంటే ఇంకా జాగ్రత్త పడాలి, ఆ నరాలు అప్పటికే నీరసించి ఉంటాయి. లేపేటప్పుడు వీపు వెనక చెయ్యి వేసి నడుం పట్టుకోవాలి. చేతి కింద, తొడ పక్కన దిండ్లు పెట్టాలి. రెండు గంటలకోసారి పక్క మార్చాలి. ఇందులో ఖర్చయ్యేది ఏమీ లేదు, మాకు మొదటి రోజే ఎవరైనా చూపించి ఉంటే బాగుండేది.

ఏడాది తర్వాత ఒక రాత్రి మావయ్య లేచి కూర్చున్నాడు. ఈసారి కుడి చెయ్యి తిమ్మిరెక్కుతోందన్నాడు. రెండో వైపు కూడా పడిపోతుందేమోనని ఇంటిల్లిపాదికీ టెన్షన్. అప్పటికప్పుడు ఆస్పత్రికి తీసుకెళ్లాం, అదే సరైన పని కూడా. పరీక్షలన్నీ చేశాక తేలింది, మెదడులో కొత్తగా ఏమీ లేదు. ఏడాదిగా ఒంటి బరువంతా కుడి చేత్తో కర్ర మీద మోపి నడవడంతో మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోయింది. కర్ర పిడికి గుడ్డ చుట్టి లావు చేశాం. రాత్రిళ్లు మణికట్టుకు పట్టీ కట్టుకుని పడుకుంటున్నాడు. పొద్దున్నే అత్తయ్య రెండు చేతులకూ వ్యాయామం చేయిస్తోంది.