కారవాన్‌లో కరెంటు ఎందుకు ఊగింది?

పిల్లలూ,

తాతయ్య ఆశీస్సులు. సంక్రాంతికి అద్దె కారవాన్‌లో దిండి వెళ్ళినప్పుడు లైట్లు కాసేపు వెలిగి కాసేపు గుడ్డిగా అయ్యాయనీ, ఏసీ మధ్యలో ఆగిపోయిందనీ అన్నారు. "జనరేటర్ పాడైపోయిందా తాతయ్యా?" అని అడిగారు. ఫోన్లో ఒక్క ముక్కలో తేలేది కాదు కనక ఉత్తరం రాస్తున్నాను.

మన భీమవరం వైపు జనరేటర్‌ని ఎవరూ తేలిగ్గా తీసుకోరు. అర్ధరాత్రి కరెంటు పోయి చెరువులో ఏరియేటర్లు ఆగితే నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతుంది, తెల్లారేసరికి రొయ్య పైకి తేలుతుంది. నా వయసంతా ఆ చెరువుగట్ల మీద జనరేటర్ సెట్లు బాగుచేస్తూనే గడిచింది. మీ కారవాన్‌కి బిగించినదీ ఆ జాతిదే, కాకపోతే చిన్నది.

వోల్టేజీ ఊగుతోందంటే అందరూ ముందు వోల్టేజీనే చూస్తారు. నేను ముందు హెర్ట్జ్, అంటే కరెంటు సెకనుకి ఎన్నిసార్లు అటూ ఇటూ ఊగుతోందో ఆ లెక్క, చూస్తాను. జనరేటర్‌లో పోళ్ళ (అయస్కాంత ధ్రువాల) సంఖ్యని ఇంజను నిమిషానికి తిరిగే చుట్లతో గుణించి 120తో భాగించండి, హెర్ట్జ్ వస్తుంది. 2 పోళ్ళది 3000 చుట్లు తిరిగితే 50. 4 పోళ్ళదైతే 1500 చాలు. అమెరికాలో ఉన్న మీ అన్నయ్య వాళ్ళకి కావాల్సింది 60 హెర్ట్జ్ కాబట్టి అక్కడ 2 పోళ్ళది 3600 తిరగాలి. అంటే హెర్ట్జ్ చూస్తే ఇంజను ఎంత వేగంగా తిరుగుతోందో తెలిసిపోతుంది. వోల్టేజీతో పాటు హెర్ట్జ్ కూడా ఊగుతుంటే జబ్బు ఇంజనులో ఉంది. హెర్ట్జ్ 50 దగ్గర కదలకుండా నిలబడి వోల్టేజీ ఒక్కటే ఊగుతుంటే జబ్బు కరెంటు వైపు ఉంది. ఈ ఒక్కటి తేల్చుకుంటే సగం పని అయిపోయినట్టే.

ఇంజను వేగాన్ని చూసుకునేది గవర్నర్. ధవళేశ్వరం నుంచి వచ్చే కాలవ మీద లస్కరు, చేలకి నీళ్ళు ఎక్కువ కావాలంటే షట్టరు ఎత్తుతాడు, చాలంటే దించుతాడు. గవర్నర్ చేసేదీ అదే, నీళ్ళ బదులు ఆయిలు, అంటే డీజిలో పెట్రోలో. మీరు ఏసీ వేయగానే లోడు పెరుగుతుంది, ఇంజను నీరసిస్తుంది, గవర్నర్ కాస్త ఎక్కువ ఆయిలు వదులుతుంది. ఏసీ కంప్రెసర్ అందుకునేటప్పుడు మామూలుగా తీసుకునే దానికి అయిదారు రెట్లు లాగుతుంది కాబట్టి లైటు ఒక్క క్షణం తగ్గడం జబ్బు కాదు. తగ్గి, పెరిగి, మళ్ళీ తగ్గుతూ అలాగే సాగితే జబ్బు.

లోడు లేకపోయినా ఇంజను "వూఁ... వూఁ..." అని తాళం వేసినట్టు ఎక్కుతూ దిగుతూ ఉంటే దాన్ని మెకానిక్కులు హంటింగ్ అంటారు. పెట్రోల్ జనరేటర్ అయితే నా మొదటి అనుమానం పెట్రోలుని గాలితో కలిపే కార్బురేటర్ మీదే. నెలల తరబడి వాడకుండా వదిలేసిన బండిలో పెట్రోలు జిగురులా మారి దాంట్లో పెట్రోలు వచ్చే సన్నటి రంధ్రాన్ని, అంటే జెట్‌ని, మూసేస్తుంది. గాలి వెళ్ళే దారిని తగ్గించే చోక్‌ని కొంచెం మూసి చూడండి. ఇంజను నెమ్మదించి సాఫీగా తిరిగిందంటే పెట్రోలు చాలడం లేదన్నమాట, జెట్ కడగాలి. డీజిల్‌ది అయితే ఫిల్టర్ చెత్తపట్టిందా, పైపులో ఎయిర్ చేరిందా చూడాలి. ఇంకో సంగతి: చాలా కారవాన్లలో జనరేటర్‌కి ఆయిలు బండి ట్యాంకులోంచే వస్తుంది. జనరేటరే ట్యాంకంతా తాగేస్తే బండి దారిలో ఆగిపోతుంది కదా, అందుకని దాని పైపుని అడుగుదాకా దించరు. ట్యాంకు పావు వంతుకి వచ్చాక బండిని ఏటిగట్టు వాలు మీద ఆపితే ఆ పైపు గాలి పీలుస్తుంది. మీరు దిండిలో ఆపింది గట్టు మీదే కదా, ట్యాంకులో ఎంత ఉందో మీ నాన్నని అడగండి.

కరెంటు వైపు జబ్బయితే అరిగిన కార్బన్ బ్రష్షులు, అవి రాసుకుంటూ తిరిగే భాగానికి కరెంటు అందించే స్లిప్ రింగులు మసిపట్టాయేమో, ఏవీఆర్, లూజు కనెక్షన్లు చూడాలి. ఏవీఆర్ అంటే వోల్టేజీని ఒకే దగ్గర నిలబెట్టే చిన్న పెట్టె. చాలామంది వచ్చీ రాగానే "ఏవీఆర్ మార్చేద్దామండీ" అంటారు. హెర్ట్జ్ ఎంత చూశావని అడగండి, నీళ్ళు నములుతారు. ఇంజను వేగం బాగా పడిపోతే చాలా ఏవీఆర్‌లు కావాలనే వోల్టేజీ తగ్గిస్తాయి. దాన్ని మార్చి ఏం లాభం? స్టెబిలైజర్ కొని తగిలించడమూ అంతే.

మన దగ్గర లూజు కనెక్షన్లు ఎక్కువ. అంతర్వేది వైపు సముద్రపు గాలికి టెర్మినళ్ళకి చిలుము పట్టేస్తుంది. చెరువుల దగ్గర మూడు ఫేజుల సెట్టులో న్యూట్రల్ (మూడు ఫేజులకీ ఉమ్మడి తీగ) లూజయితే ఒక ఫేజులో వోల్టేజీ పడిపోయి ఇంకో దాంట్లో 230 దాటి ఎగబాకుతుంది, బల్బులు మాడిపోతాయి. అందుకే రీడింగ్ ముందు జనరేటర్ దగ్గర, తర్వాత లోపల ప్లగ్గు దగ్గర తీయాలి. అక్కడ నిలకడగా ఉండి ఇక్కడ ఊగితే జనరేటర్ జోలికి వెళ్ళక్కర్లేదు, వైరింగో, జనరేటర్‌కీ బయటి కరెంటుకీ మార్చే చేంజ్ఓవర్ స్విచ్చో చూడాలి.

తయారైన కరెంటుని ఎలక్ట్రానిక్స్‌తో మళ్ళీ 50 హెర్ట్జ్‌కి మార్చి ఇచ్చే ఇన్వర్టర్ జనరేటర్ అయితే మాత్రం ఈ లెక్క పనికిరాదు. దాని ఇంజను లోడుని బట్టి వేగం మార్చుకుంటుంది, అది దాని స్వభావం.

మీటరు మీరు పట్టుకోవద్దు. మీ నాన్న పడతారు, మీరు అంకెలు రాయండి. జనరేటర్ నడిచేటప్పుడు బండిని గోడకి ఆనించి పెట్టవద్దని, పొగ వచ్చే వైపు కిటికీలు మూయమని కూడా చెప్పండి. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, ప్రాణం తీస్తుంది.

ఈసారి వెళ్ళినప్పుడు లోడు లేకుండా ఒకసారి, ఏసీ వేశాక ఒకసారి వోల్టులూ హెర్ట్జూ రాసి, ఇంజను చప్పుడు ఫోన్లో రికార్డు చేసి పంపండి. చూసి ఏం మార్చాలో చెబుతాను. ఈలోగా ఆ ఏవీఆర్ స్క్రూని ఎవరినీ తిప్పనివ్వకండి.

మీ తాతయ్య