నల్లబండ మీద నిమ్మరసం

ప్రియమైన పిల్లలకు,

పోయిన శనివారం బడి వదిలాక సైన్సు క్లబ్బులో మీలో ఒక అమ్మాయి అడిగిన ప్రశ్నకు నేను అప్పటికప్పుడు జవాబు చెప్పలేదు. తీరిగ్గా రాయాలనిపించింది. "అమ్మ ఊరగాయకు నిమ్మకాయలు కోసింది తాతా. వంటింటి నల్లబండ మీద తెల్ల మచ్చలు పడ్డాయి. ఎంత తోమినా పోలేదు. మరకైతే పోవాలి కదా?" అని కదా అడిగింది!

అది మరక కాదు తల్లీ. అక్కడ బండే కొంచెం తగ్గిపోయింది. నిమ్మరసం పైపొరను తినేసింది. నునుపు పోయి గరుకయ్యేసరికి వెలుతురు చెదిరి తెల్లగా కనిపిస్తోంది.

మన కడప బండ, బేతంచెర్ల నాపరాయి, ఇవన్నీ సున్నపురాయి జాతివే. 50 కోట్ల ఏళ్ళకు పైబడిన మాట, ఈ నేల మీద సముద్రం ఉండేది. దాని అడుగున పేరుకున్న సున్నపు బురదే గట్టిపడి ఇలా రాయైంది. మీ అమ్మ దోసెపిండి గిన్నె పెట్టేది ఆ సముద్రపు అడుగు మీదే!

సమీకరణాలు మీ పుస్తకంలో ఉన్నాయి, నేను రాయను. ఊళ్ళో అరుగు మీద ఇద్దరు జతగాళ్ళు కూర్చున్నారనుకోండి. ఒకడు సున్నం, ఇంకొకడు గాలి. ఏ గాలి? మనం ఊపిరిలో వదిలేది, సోడాలో బుసబుసమనేది, కార్బన్ డయాక్సైడ్. వాళ్ళిద్దరూ కలిసి కూర్చున్నంత కాలం అది రాయి. పుల్లటిది ఏదైనా వచ్చి సున్నం చెయ్యి పట్టి లాగిందా, గాలి లేచి వెళ్ళిపోతాడు. నిమ్మరసంలో పైకి లేచే సన్నని బుడగలు వాడివే. మంట పెట్టినా అంతే. సున్నపు బట్టీలో 900 డిగ్రీల దాకా కాలిస్తే గాలి పారిపోతాడు, అరుగు మీద సున్నం ఒక్కడే మిగులుతాడు.

ఆ ఒంటరివాడి ప్రతాపం నేను చిన్నప్పుడు చూశాను. జమ్మలమడుగు పక్కన మా ఊళ్ళో మిద్దెల కప్పులు బండలే, గోడలు బండలే, చేని చుట్టూ పాతిన కంచె కూడా బండలే. సంక్రాంతి ముందు మా అవ్వ కాల్చిన సున్నపురాళ్ళు కాగులో వేసి నీళ్ళు పోసేది. పొయ్యి లేదు, నిప్పు లేదు, నీళ్ళు కుతకుత ఉడికేవి! కళ్ళలో పడితే చూపు పోతుందని మమ్మల్ని గడప దాటనిచ్చేది కాదు. ఆ సున్నం గోడకు పూసిన కొత్తలో ఆనుకుంటే చొక్కాకంతా అంటేది. కొన్నాళ్ళకు అంతగా అంటేది కాదు. ఎందుకంటే, పారిపోయిన గాలి మెల్లగా తిరిగొచ్చి మళ్ళీ అరుగెక్కుతాడు, గోడ మీద పలచని రాతిపొర తయారవుతుంది. అవ్వకు ఇదంతా ఎవరూ చెప్పలేదు. ఎన్నాళ్ళు ఆగి గోడకు ఆనుకోవాలో మాత్రం ఆమెకు తెలుసు.

ఇప్పుడు అసలు ముచ్చట. వాననీళ్ళు మట్టిలో ఇంకుతూ అదే కార్బన్ డయాక్సైడ్ గాలిని ఇంకొకణ్ణి వెంటబెట్టుకొస్తాయి. ఈ మూడోవాడు అరుగు దగ్గర నిలబడి "ఈతకు పోదాం రాండ్రా" అంటాడు. ముగ్గురూ నీళ్ళలోకి దిగిపోతారు, అరుగు ఖాళీ! ఇలా ఎన్నో వేల ఏళ్ళు ఖాళీ అవుతూ పోతే కొలిమిగుండ్ల దగ్గరి బెలుం గుహలయ్యాయి. రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే ఆయన వాటి గురించి 1884లోనే రాశాడు. తర్వాత జర్మనీ వాళ్ళు వచ్చి కొలిచారు. పొడవు 3,229 మీటర్లు! లోపల కప్పు నుంచి నీటిచుక్క వేలాడుతుంటే మూడోవాడు ఇంటికి పోతాడు. మిగిలిన ఇద్దరూ ఉన్నచోటే కూర్చుండిపోతారు. పైనుంచి వేలాడే రాళ్ళు అలా పుట్టినవే. చుక్క తర్వాత చుక్క, ఎంత ఓపిక! నాకు ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు.

దీన్ని మీరు గాజుగ్లాసులో చూడొచ్చు. క్లబ్బుకు ప్రయోగాల కిట్టు కావాలని హెడ్మాస్టరు గారిని అడిగారట. అడగండి, కానీ ముందు తమలపాకుల అంగడికి పోండి. శనగగింజంత సున్నం గ్లాసెడు నీళ్ళలో కలిపి రాత్రంతా కదపకుండా ఉంచి, పైన తేరిన నీళ్ళు మాత్రం వంచుకోండి. ఆ నీళ్ళు తాగకూడదు, కళ్ళకు తగలకూడదు, కళ్ళద్దాలు పెట్టుకోండి. చల్లటి గోలీసోడా కొద్దికొద్దిగా పోయండి. పాలలా తెల్లబడుతుంది. అక్కడ ఆపకండి. నీళ్ళకు నాలుగైదింతలు సోడా నెమ్మదిగా పోస్తే తెలుపు మాయమవుతుంది. ఆ తేటనీళ్ళు గిన్నెలో మరిగించి చూడండి. బోరునీళ్ళు కాచే గిన్నెకు అడుగున పట్టే తెల్లటి పెళుసు పొర మీకు తెలుసు కదా, అదెందుకొస్తుందో అప్పుడు మీరే నాకు చెప్పాలి.

ఏది కనిపిస్తే అది ముందు రాసుకోండి, పుస్తకం తెరిచేది తర్వాత. పుస్తకం చూశాక రాస్తే కళ్ళు చూసినదాన్ని కూడా చెయ్యి దిద్దేస్తుంది.

వచ్చే శనివారానికి ఒక పని. విరిగిన బండముక్కను మేకుతో గీకి, ఆ పొడి మీద నిమ్మరసం వేసి భూతద్దంతో చూడండి. తర్వాత రోలు రాయి, గుడ్డు పెంకు, బడిలోని సుద్దముక్క, బలపం. సుద్దముక్క పొంగుతుందో లేదో నేను చెప్పను. పొంగనివాటి పేర్లు కూడా రాసుకుని రండి.

మీ తాత,
కడప