మీ నాన్న షష్టిపూర్తికి వాచీ

చి॥ సింధు, చి॥ కార్తీక్‌లకు మావయ్య ఆశీస్సులు.

మీరు పంపిన ఫొటోలన్నీ చూశాను. రోలెక్స్ సబ్‌మెరైనర్ కార్తీక్ ముచ్చట, ఒమేగా స్పీడ్‌మాస్టర్ సింధు ముచ్చట అని ఎవరూ చెప్పక్కర్లేదు. ఇద్దరూ చెరిసగం వేసుకుని పది లక్షల దాకా పెడతామంటున్నారు. వాచీకి అంత డబ్బా అని మీ అత్తయ్య సణుగుతూనే ఉంది. నేను సణగను. 1966లో, పరాభవ నామ సంవత్సరంలో పుట్టిన మనిషికి అరవై పేర్లూ ఒక చుట్టు తిరిగి, ఈ ఉగాదికి మళ్ళీ అదే పేరు వచ్చింది. అలాంటి ఏడాదిలో వాచీ ఇవ్వాలన్న ఆలోచన నాకు బాగా నచ్చింది. ఎంపికే నచ్చలేదు.

వాచీల సంగతి తర్వాత, ముందు మీ నాన్న సంగతి. ఆయన చేతికి ఇన్నేళ్ళుగా ఉన్నది మా నాన్న పెళ్ళిలో పెట్టిన హెచ్.ఎం.టి. అప్పట్లో కొత్తల్లుళ్ళు టైటాన్ క్వార్ట్జ్ అడుగుతుంటే, బావ మాత్రం కీ ఇచ్చే వాచీయే కావాలన్నారు. ఫిజిక్స్ లెక్చరర్ కదా, లోపల ఏం జరుగుతోందో తెలిసిన వస్తువంటేనే ఆయనకు ఇష్టం. బెంగళూరులో 1961లో జపాన్ సిటిజన్ కంపెనీ సాయంతో మొదలైన ఆ వాచీల వ్యాపారం 2016లో మూతపడింది. ఈయన మాత్రం ఇప్పటికీ పొద్దున్నే కాఫీ తాగి, పేపరు విప్పేముందు కీ ఇస్తారు. మీరు చిన్నప్పటినుంచీ చూసి చూసి దాన్ని గమనించడం మానేశారు. కొత్త వాచీ ఆ అలవాటులో ఇమడాలి. లేకపోతే పండక్కీ పెళ్ళికీ పెట్టుకుని లాకర్లో దాస్తారు. పది లక్షలు పోసి లాకర్లో పెట్టించడానికైతే బంగారమే కొనొచ్చు.

కీ ఇస్తే లోపల ఏమవుతుందో మీకు తెలియాలి, లేకపోతే షాపువాడు చెప్పిందల్లా నమ్ముతారు. చిన్న డబ్బీలో చుట్టిపెట్టిన ఉక్కు స్ప్రింగ్ ఇంకా బిగుసుకుంటుంది. అది విప్పుకునేటప్పుడు వచ్చే బలం పళ్ళచక్రాల మీదుగా ముళ్ళకు చేరుతుంది. అడ్డు లేకపోతే స్ప్రింగంతా ఒక్కసారే విప్పుకుని, ముళ్ళు గిరగిరా తిరిగి ఆగిపోతాయి. ఆ అడ్డు పేరు ఎస్కేప్‌మెంట్. దానికి లయ ఇచ్చేది బ్యాలెన్స్ చక్రం. వెంట్రుకంత సన్నటి చుట్టల స్ప్రింగు మీద అది అటూ ఇటూ ఊగుతూ, ఊపు ఊపుకీ పళ్ళచక్రాన్ని కొంచెం కొంచెంగా కదలనిస్తుంది. మనకు వినిపించే టిక్‌టిక్ అదే. ఈ చుట్టల స్ప్రింగు వాడకాన్ని 1675లో లోకానికి చూపించింది డచ్ శాస్త్రవేత్త హైగెన్స్. లోలకం గడియారం కనిపెట్టిందీ ఆయనే. మీ నాన్న ఉద్యోగమంతా సరళ హరాత్మక చలనం అని బోర్డు మీద రాసి చెప్పిన పాఠం ఇదే.

ఇంకో నిజం కూడా కొనకముందే తెలుసుకోండి. సెల్లుతో నడిచే క్వార్ట్జ్ వాచీలో స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. మామూలు క్వార్ట్జ్ వాచీకి నెలంతా కలిపి తేడా పది పదిహేను సెకన్లు. స్విట్జర్లాండులో క్రోనోమీటర్ పరీక్ష నెగ్గిన మెకానికల్ వాచీకైనా రోజుకు నాలుగు సెకన్ల వెనకబాటు, ఆరు సెకన్ల ముందుపోత పరీక్ష నియమం ప్రకారమే సమ్మతం. అంటే కచ్చితమైన టైము కోసమే అయితే వెయ్యి రూపాయల వాచీ మీ పది లక్షల వాచీని ఓడిస్తుంది. 1969 డిసెంబరు 25న సీకో కంపెనీ టోక్యోలో ఆస్ట్రాన్ అనే తొలి క్వార్ట్జ్ చేతివాచీని అమ్మకానికి పెట్టాక, పదిహేనేళ్ళు తిరక్కుండానే స్విస్ వాచీ పరిశ్రమ కుదేలైంది. అది మళ్ళీ లేచి నిలబడింది టైము చూపించి కాదు, పనితనం చూపించి. మీరు డబ్బు పెడుతున్నదీ పనితనానికే.

ఇక సబ్‌మెరైనర్. 1953లో సముద్రంలో మునిగి పనిచేసేవాళ్ళ కోసం చేసిన వాచీ, ఇప్పటిది 300 మీటర్ల లోతును తట్టుకుంటుంది. గట్టిది, ఒప్పుకుంటాను. కానీ బావ 2027 గోదావరి పుష్కరాల్లో కూడా నడుము లోతు దాటి దిగరు. 41 మిల్లీమీటర్ల వెడల్పున్న ఉక్కు ముక్క ఆయన సన్నటి మణికట్టు మీద, చొక్కా చేతిని ఎత్తిపట్టి కూర్చుంటుంది. అది ఆటోమేటిక్ కూడా. చెయ్యి కదిలితే లోపలి రోటర్ తిరిగి కీ ఇచ్చుకుంటుంది. రిటైరయ్యాక పడక్కుర్చీలో పుస్తకం పట్టుకుని కూర్చునే మనిషికి అది అప్పుడప్పుడు ఆగిపోయినా ఆశ్చర్యం లేదు. పైగా ఆయన పొద్దుటి పని కాస్తా పోతుంది. 'తర్వాత అమ్మితే ఎక్కువ వస్తుంది మావయ్యా' అని కార్తీక్ రాశాడు. 2022 మొదట్లో ఇలాగే అనుకుని సెకండ్‌హ్యాండులో ఎగబడి కొన్నవాళ్ళు ఆ ఏడాదే ధరలు దిగడం చూశారు. అయినా నాన్నకిచ్చిన దాన్ని అమ్మేదేమిట్రా?

స్పీడ్‌మాస్టర్‌ని తీసిపారెయ్యడం కష్టం. కీ ఇచ్చేదే ఉంది. నాసా 1965లో పరీక్షలు పెట్టి ఒప్పుకున్న వాచీ. 1969లో చంద్రుడి నేల మీద ఆల్డ్రిన్ చేతికి ఉన్నది అదే. చంద్రుడి మీద దిగిన నౌక లూనార్ మాడ్యూల్లో టైమర్ పాడైందని ఆర్మ్‌స్ట్రాంగ్ తనది లోపలే వదిలి దిగాడు. ఈ కథ చెబితే బావ కళ్ళు మెరుస్తాయి. కానీ నల్లటి డయల్ మీద మూడు చిన్న డయళ్ళు, అంచు చుట్టూ సన్నటి అంకెలు. కళ్ళజోడు వెతుక్కుని టైము చూసే వయసులో అది చిరాకు. మందం కూడా పదమూడు మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. సింధూ, నీ నలభయ్యో పుట్టినరోజుకు నువ్వే కొనుక్కో.

నా ఓటు స్విస్ కంపెనీ జేజర్-లెకూల్త్ర వాళ్ళ రివెర్సో వాచీకి. దీని పుట్టుకకు మన దేశంతో సంబంధం ఉంది. 1930 ప్రాంతంలో ఇక్కడ పోలో ఆడే బ్రిటిష్ సైనికాధికారులు ఆటలో వాచీ అద్దాలు పగులుతున్నాయని సెజార్ ద త్రే అనే వాచీల వ్యాపారితో మొరపెట్టుకున్నారని కంపెనీవాళ్ళు చెబుతారు. ఆయన లెకూల్త్రతో మాట్లాడాడు. షోవో అనే ఫ్రెంచి ఇంజనీరు డయలూ యంత్రమూ ఉన్న వాచీ పెట్టెను పక్కకు జరిపి బోర్లా తిప్పే ఏర్పాటు చేశాడు. 1931 మార్చి 4న పారిస్‌లో పేటెంటుకు దరఖాస్తు పెట్టారు. తిప్పితే అద్దం లోపలికి, ఉక్కు వీపు పైకి. ఇప్పుడు అద్దాలు సఫైర్‌వి, అంత తేలిగ్గా గీతలు పడవు, కాబట్టి తిప్పాల్సిన అవసరం లేదు. కానీ ఆ ఖాళీ వీపే మనకు కావలసింది. 1930ల నుంచీ కొనుక్కున్నవాళ్ళు అక్కడ పేర్లు, వంశ చిహ్నాలు చెక్కించుకున్నారు, ఎనామెల్‌తో బొమ్మలు వేయించుకున్నారు.

దీర్ఘచతురస్రంగా పొడవుగా ఉంటుంది, పలచన, తోలు బెల్టు. డయల్ మీద అంకెలు పెద్దవి. లోపలి యంత్రం కూడా పెట్టె ఆకారంలోనే చేసినది, బ్యాలెన్స్ గంటకు 21,600 సార్లు కొట్టుకుంటుంది, అంటే సెకనుకు ఆరు. నిండా కీ ఇస్తే నలభై గంటల వరకూ ఢోకా లేదు. ఒకరోజు మరిచిపోతే మర్నాటికి ఆగుతుంది, బావ మరిచిపోరు. షాపులో రెండు విషయాలు గట్టిగా అడగండి. రివెర్సోల్లో క్వార్ట్జ్‌వి కూడా ఉన్నాయి, కాబట్టి కీ ఇచ్చేదేనా అని. రెండోవైపు కూడా డయల్ ఉన్న డ్యుయోఫేస్ రకం వద్దు, ఒకవైపే డయల్ ఉన్న మోనోఫేస్ కావాలి, లేకపోతే చెక్కడానికి చోటుండదు.

దీనికీ లోటుంది, దాచను. నీటికి 30 మీటర్లు అని రాసి ఉంటుంది. అంటే 30 మీటర్ల లోతుకు వెళ్ళొచ్చని కాదు. చేతులు కడిగేటప్పుడు చిందే నీళ్ళకు, వాన తుంపరకు ఫరవాలేదని. స్నానానికీ, నది మునకకూ తీసెయ్యాలి. మన ఉక్కకు తోలు బెల్టు కూడా ఏడాది రెండేళ్ళకే పోతుంది, ఇంకోటి ఇప్పుడే కొని ఉంచండి. అయిదేళ్ళకో ఎనిమిదేళ్ళకో లోపలి నూనె మార్చి సర్వీసు చేయించాలి, దానికి వేలల్లో కాదు, పదుల వేలల్లో అవుతుంది. ఆ ఖర్చు నాన్న నెత్తిన వేస్తే ఆయన చేయించరు. అది కూడా మీ బహుమతిలో భాగమేనని ముందే చెప్పండి. పాత హెచ్.ఎం.టి.ని మాత్రం తీసెయ్యమని అడగొద్దు. ఏ రోజు ఏది పెట్టుకోవాలో ఆయనిష్టం.

కొనడం హైదరాబాదులో, కంపెనీ అధికారిక డీలరు దగ్గరే. డల్లాస్‌లో చవకేమో చూస్తానని కార్తీక్ అంటే ఒప్పుకోకు సింధూ. తెచ్చేటప్పుడు కస్టమ్స్‌లో చెప్పి సుంకం కట్టాలి, 'చేతికి పెట్టుకుని దిగితే ఎవరడుగుతారు' అనే సలహా ఇచ్చే స్నేహితులుంటారు, వినొద్దు. రేపు చిన్న తేడా వస్తే దగ్గర్లో అడగడానికి మనిషి ఉండాలి. ఆన్‌లైన్లో రిజిస్టర్ చేస్తే వీళ్ళ గ్యారంటీ ఎనిమిదేళ్ళు, ఆ పని షాపులోనే చేయించు. నగదు రెండు లక్షలు గానీ అంతకు మించి గానీ తీసుకోకూడదని చట్టం, కాబట్టి బ్యాంకు ద్వారా కట్టండి. వాచీ ధర పది లక్షలు దాటితే షాపువాళ్ళు ఆదాయపు పన్ను కింద ఒక శాతం (టి.సి.ఎస్.) పట్టుకునే నియమం 2025 ఏప్రిల్‌లో వచ్చింది. అది రిటర్నులో సర్దుకోవచ్చు. బిల్లు ఎవరి పాన్ మీద ఉండాలో మీలో మీరు తేల్చుకోండి.

కొలత విషయం గుట్టుగా కానివ్వాలి. నాన్న స్నానానికి వెళ్ళినప్పుడు హెచ్.ఎం.టి. బెల్టులో ఏ చిల్లు అరిగిందో చూసి, బకిల్ నుంచి అక్కడిదాకా దారంతో కొలువు. డయల్ వెడల్పు కూడా స్కేలుతో చూడు. దానికంటే మరీ పెద్దది ఆయన చేతికి ఎబ్బెట్టు.

అన్నట్టు, అమ్మకు కూడా ఏదైనా చూడండి. షష్టిపూర్తి పీటల మీద ఇద్దరూ కూర్చుంటారు.

వెనక చెక్కించేది పేరూ తేదీ చాలు. కవిత్వం వద్దు. తెలుగు అక్షరాలు చెక్కుతారా లేదా అన్నది డబ్బు కట్టకముందే అడగండి. చెక్కుతామంటే, వాళ్ళ కంప్యూటరు ఫాంటుకు వదలకుండా మన అక్షరాలు గీసి ఇద్దాం. ఒత్తులూ తలకట్లూ చిన్న చోటులో కలిసిపోకూడదు. నా దగ్గర పాత సైన్‌బోర్డులు రాసే మనిషి ఉన్నాడు, ఆయన చేత రాయిస్తాను. చెక్కడానికి వారాలు పడుతుంది. ఆషాఢంలో కొనొద్దని అమ్మ పట్టుబడుతుంది కాబట్టి జ్యేష్ఠంలోనే ఆర్డరు ఇచ్చెయ్యండి. ఇంటిపేరుతో రాయించాలా, ఒట్టి పేరేనా అన్నది ఆదివారంలోపు ఫోన్ చేసి చెప్పండి.

ఇట్లు,
మీ మావయ్య